బిగుతాయన ఓపెన్ టాప్ బండి

ఆయన్ని అందరూ బిగుతాయన అంటారు. ఎదురుగా అనరు గానీ, ఆయనకి తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురుస్తాడు కూడా. గుడారాలు, లారీల మీద కప్పే టార్పాలిన్లు, దుకాణాల ముందు దించే ఎండతెరలు కుట్టడం ఆయన పని. కుట్టినదేదైనా కట్టాక వేలితో కొట్టి చూస్తాడు. ఢం అని మోగాలి. మోగకపోతే విప్పి మళ్ళీ కుడతాడు. గుడ్డలో వదులున్న చోట నీళ్ళు నిలుస్తాయి, నీళ్ళు నిలిచిన చోట గుడ్డ కుళ్ళుతుంది, గుడ్డ కుళ్ళితే కుట్టినవాడి పేరు కుళ్ళుతుంది. ఇదీ ఆయన వేదాంతం. దీన్ని ఆయన గుడ్డ వరకే ఉంచుకున్నా బాగుండేది. మంచం మీద దుప్పటి, చెప్పుల పట్టీ, ఇంటికొచ్చిన చుట్టాల కబుర్లు, ఏది వదులుగా ఉన్నా ఆయన ప్రాణం ఒప్పుకోదు. ఆయన బిగించిన మంచినీళ్ళ సీసా మూత తీయాలంటే ఇంటిల్లిపాదీ వంతులు వేసుకోవాలి.

ఆయన భార్య ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసేది. నేలకింది అంతస్తు, గోడల్లో సీసపు రేకులు, కిటికీ అన్న మాటే లేదు. మొదట్లో ఎర్రదీపం వెలుగులో ఫిల్ములు కడిగేది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ఎర్రదీపం పోయింది, కిటికీ మాత్రం రాలేదు. పొద్దు పూర్తిగా పొడవకముందే లోపలికి దిగి, పొద్దుపోయాక పైకి వచ్చేది. ఊళ్ళో సగం మంది ఊపిరితిత్తులు ఆవిడకి తెలుసు, మొహాలు తెలియవు. వీధిలో ఎవరైనా ఆగి పలకరిస్తే ఎవరో పోల్చుకోలేక దిక్కులు చూసేది. అవతలివాళ్ళు దగ్గితే మాత్రం, "మీరా! మీ కుడివైపు నెమ్ము తగ్గిందా?" అని ఆప్యాయంగా అడిగేది.

బల్ల మీద పడుకున్నవాళ్ళు కంగారుపడి కదలకుండా ఉండటానికి ఆవిడ వాళ్ళచేత ఏవో కబుర్లు చెప్పించేది. ఒకసారి పక్కటెముక విరిగిన లారీ డ్రైవరొకడు కనుమ దారి గురించి చెప్పాడు. కొండ మీదనుంచి దిగుతూ ఉంటే ఒక మలుపు వస్తుందట. అప్పటిదాకా చెట్లూ బండలే. ఆ మలుపు తిరగ్గానే, ఎవరో తెర లాగేసినట్టు, సముద్రమంతా ఒక్కసారి కనిపిస్తుందట. విరిగిన ఎముకతోనే వాడు చేతులు బార చాపి చూపించబోయాడు. ఆ ఎక్స్‌రే చెడిపోయి మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఆ మలుపు మాత్రం ఆవిడ మనసులో చెడకుండా ఉండిపోయింది. మొగుడికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ఉద్యోగం విరమించిన రోజు, ఇకనుంచి ఏం చేస్తారని ఎవరో అడిగారు.

"నెత్తి మీద ఏమీ లేకుండా కూర్చుంటాను," అంది ఆవిడ.

అంతా పై అధికారి గురించనుకుని చప్పట్లు కొట్టారు. ఆవిడ తమ్ముడొక్కడే దాన్ని ఉన్నదున్నట్టు అర్థం చేసుకున్నాడు. అతనికి మెకానిక్ షెడ్డు ఉంది. నెల తిరక్కుండా ఒక చిన్న ఓపెన్ టాప్ కారుని తాడు కట్టి లాక్కొచ్చి అక్క గుమ్మం ముందు పెట్టాడు. ఇద్దరే పట్టే బండి. ముక్కు పొడుగు, నడుం పొట్టి. ఎవరో షోకిల్లారాయుడు వాడి వాడి వదిలేసింది. పైకప్పు గుడ్డని ఎలుకలు తీరిగ్గా తిన్నాయి.

బిగుతాయన చుట్టూ తిరిగి చూశాడు. "ఏంటోయ్ ఇది? ఎక్కాలా, తొడుక్కోవాలా?"

"నీ పొట్ట ఇంట్లో పెట్టి రా బావా, సరిగ్గా సరిపోతుంది," అన్నాడు బావమరిది.

"మరి మీ అక్క?"

"అక్క కోసమే బండి. నువ్వు డ్రైవరువి. అందుకే నీకు తక్కువ చోటు."

ఆవిడ ఇవేమీ వినడం లేదు. తలుపు తీసుకుని లోపల కూర్చుని, ఎలుకలు చేసిన కంతలోంచి పైకి చూస్తోంది. అలా చూస్తూనే అంది. "కనుమ మీదనుంచి సముద్రం దాకా టాపు తీసి దిగాలి. అంతే. ఇంకేం అడగను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఏదైనా నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఆయన గొంతు సవరించుకుని, "చూద్దాం," అన్నాడు. ఆయన నిఘంటువులో దానికి "ప్రాణం పోయినా చేస్తాను" అని అర్థం.

అలా మొదలైంది మరమ్మతు. దాన్ని బావమరిది మరమ్మతు అననిచ్చేవాడు కాదు, మోడిఫికేషన్ అనాలి. ఇంజను దించి కడిగి ఎక్కించాడు. వెడల్పాటి చక్రాలు వేశాడు. స్ప్రింగులు కోసి బండిని నేలకి దించాడు. రేసు బండిలా ఉందని ముగ్గురూ సంబరపడ్డారు. అందులో కూర్చున్న అక్కగారు మోకాళ్ళ నొప్పితో బయటికి రాలేక, ఇద్దరూ చెరో చెయ్యి పట్టి లాగాక, స్ప్రింగులు మళ్ళీ పెద్దవి వేశాడు. సైలెన్సరు మార్చి పులిలా గర్జించే గొట్టం పెట్టాడు. మొదటి గర్జనకే ఎదురింటి పసిబిడ్డ లేచింది, రెండో గర్జనకి ఆ బిడ్డ తాత లేచి వచ్చాడు. గొట్టంలో ఇనుప పీచు కూరితే పులి పిల్లి అయింది. ఇలా ఒక చేత్తో జోరు పెంచుతూ ఇంకో చేత్తో తగ్గిస్తూ పోగా, తయారైన బండి ఇంచుమించు పాత బండిలాగే ఉంది. రంగు మాత్రం కొత్తది.

పైకప్పు జోలికి మాత్రం బిగుతాయన ఎవర్నీ రానివ్వలేదు.

"ఇనుము నీది, గుడ్డ నాది," అని బావమరిదితో తేల్చి చెప్పి, పాత గుడ్డ విప్పి దుకాణంలో నేల మీద పరిచాడు. ముక్క ముక్కకీ కొలత తీశాడు. వెనక అద్దం పైభాగాన, గుడ్డని మోసే రెండు ఇనప కమానుల మధ్య, జానెడు గుడ్డ అదనంగా కనిపించింది. ఏ పనికీ రాకుండా మడత పడి, కొంగులా వేలాడుతోంది. ఆయన ఆ మడతని రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తి చూపించాడు.

"చూశావా? ఫ్యాక్టరీలో కుట్టింది! ఎవడో పని రానివాడు. కొలత తెలియక జానెడు గుడ్డ తగలేశాడు. ఇక్కడ నీళ్ళు నిలవవూ?"

"వాళ్ళు ఏదో అనుకునే పెట్టుంటారు బావా."

"పరాకున పెట్టుంటారు."

ఆ జానెడూ కత్తిరించాకే ఆయన చెయ్యి నెమ్మదించింది. మైనం రాసిన దారంతో, జంట కుట్టుతో, రాత్రిళ్ళు కాకుండా పట్టపగలు మంచి వెలుతురులోనే, ఎక్కడా సూది పోటు పక్కకి జరగకుండా కుట్టాడు. కమానుల మీద లాగి బిగించి, వేలితో కొట్టాడు. ఢం. గొట్టంతో నీళ్ళు కొడితే లోపల ఒక్క చుక్క పడలేదు. వీధి వీధంతా వచ్చి కొట్టి చూసింది. ఢం, ఢం, ఢం. బావమరిది కూడా, "ఒప్పుకున్నాను బావా, టాపంటే ఇదీ," అన్నాడు.

టాపు ఉన్నది తీయడానికి అన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తు లేదు.

ఆయనకి మర్నాడు పొద్దున గుర్తొచ్చింది. ఎవరూ లేనప్పుడు ముందు కొక్కేలు ఊడదీసి కమాను పైకెత్తాడు. జానెడు లేచి ఆగిపోయింది. ఇంకాస్త ఎత్తితే గుడ్డ మూలిగింది. ఇంకాస్త ఎత్తబోతే, ఎక్కడో ఒక కుట్టు పటుక్కుమంది. ఆయన గుండె కూడా ఇంచుమించు అదే చప్పుడు చేసింది. గబగబా దించి కొక్కేలు వేసేసి, చుట్టూ చూశాడు. ఎవరూ చూడలేదు. "కమాను తుప్పు పట్టినట్టుంది," అన్నాడు పైకే, బండికి వినపడేలా. తప్పు ఇనుముదని తేల్చుకున్నాక కాస్త ఊపిరి ఆడింది. అయితే ఆ మాట ఇనుము చూసుకునే బావమరిదికి చెప్పాలి. చెబితే వాడు వచ్చి చూస్తాడు. చూస్తే... అందుకని చెప్పలేదు.

"ఏది బావా, ఒకసారి తీసి చూపించు," అని బావమరిది అడగనే అడిగాడు.

"ఇప్పుడే తీయకూడదు. కొత్త గుడ్డ. సర్దుకోవాలి."

"గుడ్డేమైనా కొత్తకోడలా, సర్దుకోడానికి?"

"నీకేం తెలుసోయ్ గుడ్డ గురించి?" అని కసిరి, ఆయన ఆ వారమే ప్రయాణం పెట్టించాడు. దారిలో ఎక్కడో తుప్పు దానంతటదే వదులుతుందని ఆశ. బిగుతాయన వదులు మీద ఆశ పెట్టుకోవడం కూడా అదే మొదలు.

బయల్దేరారు. ఆవిడ తలకి నీలం రుమాలు కట్టుకుంది, నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. కూర్చోగానే పైకి చూసి, "తీయండి మరి," అంది.

"ఊరు దాటనీ. అందరూ చూస్తారు."

ఊరు దాటింది.

"ఇప్పుడు?"

"ఎండ చూడు ఎలా ఉందో. మాడిపోతావు."

"ఎండ కోసమేగా వచ్చింది?"

"ముందు లారీ వెళ్తోంది, దుమ్ము. దాన్ని దాటనీ."

లారీని దాటాడు. ఇంకో లారీ వచ్చింది. ఆయన జన్మలో లారీలని అంత ప్రేమగా చూడలేదు. లారీలు అయిపోయాక తోటలు వచ్చాయి, తోటల్లో పురుగులు ఉంటాయన్నాడు. తోటలు అయిపోయాక, ఈ వేగంలో టాపు తీస్తే గుడ్డ తన ఆకారం మరిచిపోతుందన్నాడు. ఆవిడ మెల్లగా నల్లకళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత అడగలేదు. మధ్యమధ్యలో పక్కకి తిరిగి ఆయన మొహం కేసి, ఛాతీ కేసి చూసి మళ్ళీ కిటికీ వైపు తిరుగుతోంది. ఆ చూపు ఆయనకి కోపంలా కనిపించింది. కోపమైనా నయమే, అడగడం లేదు కదా అనుకుని నడిపాడు.

కనుమ ఎక్కాక పైన ఒక కాఫీ దుకాణం ఉంది. దాని ముందు ఓపెన్ టాప్ బళ్ళు బారులు తీరి ఉన్నాయి. అన్నీ ఇలాంటివే, చిన్నవి, రంగురంగులవి, అన్నిటికీ టాపు తీసేసి ఉంది. ఒక బృందం కుర్రాళ్ళూ అమ్మాయిలూ, టోపీలు పెట్టుకుని సెలవు రోజు షికారుకి వచ్చారు. ఆయన ప్రాణం ఉసూరుమంది. ప్రపంచంలో ఇన్ని దుకాణాలుండగా ఇక్కడే ఆగాలా? కానీ ఆవిడ అప్పటికే తలుపు తెరుచుకుని దిగి, కాఫీ చెప్పేసింది.

ఎర్ర మఫ్లరు కట్టుకున్న అబ్బాయి ఒకడు ముందుకొచ్చాడు. వాడే బృందానికి పెద్దలా ఉన్నాడు.

"అంకుల్, బండి అదిరింది! కానీ టాపు వేసుకున్నారేంటి? వాన వస్తుందా?"

ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

"రావచ్చు," అన్నాడు బిగుతాయన.

"మీకెలా తెలుసు?"

"గుడ్డ పని చేసేవాణ్ణి. మాకు తెలుస్తుంది."

ఆయన జుట్టు తెలుపు, ఆయన గొంతు బరువు. మఫ్లరు అబ్బాయి ఆకాశం చూశాడు, ఆయన్ని చూశాడు, వెళ్ళి తన బండి టాపు వేసుకున్నాడు. అది చూసి పక్క బండమ్మాయి వేసుకుంది. తర్వాత ఒక్కొక్కటే పటపటా పడ్డాయి. కాఫీ దుకాణం అతను ఇదంతా చూసి, వీళ్ళకేదో కబురు అందిందనుకుని, బయట కుర్చీలు లోపల పెట్టించి ఎండతెర కూడా దించేశాడు. ఆ తెర మధ్యలో బొజ్జలా వేలాడుతోంది. ఈ కంగారులోనూ బిగుతాయనకి ఆ బొజ్జ చూసి చెయ్యి దురద పెట్టింది. ఫెళ్ళున కాసే ఎండలో ఓపెన్ టాప్ బళ్ళన్నీ ముసుగులు తన్ని నిలబడ్డాయి. ఆవిడ దుకాణం గట్టు మీద, తెర అంచుకి అవతల మిగిలిన కాస్త ఎండలో కూర్చుని, కప్పు చేత్తో పట్టుకుని అంతా చూస్తోంది.

అంతటితో ఆగితే ఆయన గట్టెక్కేవాడే. మఫ్లరు అబ్బాయి ఊరికే నిలబడలేక ఆయన బండి టాపుని వేలితో కొట్టాడు. ఢం.

"ఒరే, ఇలా రండ్రా! ఇది వినండి!"

అందరూ వచ్చి కొట్టారు. వాళ్ళ బళ్ళ టాపులు కొట్టి చూసుకున్నారు. థప్, థప్. మొహాలు వేలాడేశారు.

"ఎక్కడ కుట్టించారు అంకుల్?"

"నేనే కుట్టాను." ఎంత ఆపుకున్నా ఆగలేదు ఆ మాట.

"మా అందరికీ కుట్టి పెట్టాలి. కుదరదంటే వినం. టేపు ఉందా మీ దగ్గర? ఇప్పుడే కొలతలు తీసుకోండి!"

టేపు లేకుండా ఆయన పెళ్ళిపీటల మీద కూడా కూర్చోలేదు. జేబులోంచి తీశాడు. మొదటి బండి మీదకి వంగి కొలుస్తూ వెనక అద్దం దాకా వచ్చాడు. అక్కడ చెయ్యి ఆగింది. అద్దం పైన జానెడు గుడ్డ, మడత పడి వేలాడుతోంది. రెండో బండి దగ్గరికి వెళ్ళాడు. అక్కడా జానెడు. మూడోది వేరే కంపెనీ బండి. అక్కడా అంతే. ఇంతమంది పని రానివాళ్ళు ఒకే చోట ఒకే కొలతకి పరాకు పడతారా?

"బాబూ, నీ టాపు ఒకసారి తీయి," అన్నాడు మఫ్లరు అబ్బాయితో. "మెల్లగా."

అబ్బాయి కమాను ఎత్తాడు. కమాను సగం దారికి వచ్చేసరికి, ఆ వేలాడే మడత నిఠారుగా లాక్కుని, ఉన్న గుడ్డంతా చాలీ చాలకుండా సరిపోయింది. ఆ సగం దాటాక మళ్ళీ వదులై, కమాను బుద్ధిగా వెనక్కి వెళ్ళి పడుకుంది. మూసినప్పుడు అక్కర్లేని గుడ్డ, తెరిచినా అక్కర్లేని గుడ్డ, మధ్యలో ఆ ఒక్క క్షణానికి కావాలి. బిగుతాయన టేపు చుట్టేశాడు.

కుడతానని ఒక్క మాట అంటే చాలు, ఈ కొండ మీదనుంచి ఆయన పేరు ఎన్ని ఊళ్ళకో పాకుతుంది. కుట్టనంటే ఎందుకో చెప్పాలి. గట్టు మీద ఆవిడ వింటూనే ఉంది.

"మీ టాపులు బాగానే ఉన్నాయి నాయనా," అన్నాడు. "వాటి జోలికి ఎవర్నీ రానివ్వకండి. బాగాలేనిది నాది."

"బాగాలేదా? డోలులా ఉంటేనూ!"

"డోలే. మోగుతుంది, తెరుచుకోదు."

మఫ్లరు అబ్బాయి మళ్ళీ ఆకాశం చూశాడు. నెమ్మదిగా అడిగాడు. "మరి వాన?"

"రాదు."

వెనకెక్కడో ఒకమ్మాయి కిసుక్కుమంది. దాంతో అందరూ నవ్వుతూ తమ తమ టాపులు తీయడానికి పరిగెత్తారు. బిగుతాయన తలెత్తకుండా గట్టు దగ్గరికి వెళ్ళాడు. తిట్లకి సిద్ధపడే వెళ్ళాడు. ఆవిడ కప్పు కింద పెట్టింది.

"ఇదా?" అంది. "పొద్దున్నుంచీ దాస్తున్నది ఇదా?"

"ఇదే. నేనే జానెడు కత్తిరించాను. ఫ్యాక్టరీవాళ్ళని తిట్టి మరీ కత్తిరించాను."

"నేను గుండె నొప్పేమో అనుకున్నానండీ! లోపల ఏదో ఉందని తెలిసినవాళ్ళు ఊపిరి బిగబట్టడం వేరేగా ఉంటుంది. ఎంతమందిని చూడలేదు నేను! పొద్దున్నుంచీ మీరు అలాగే నడుపుతున్నారు. వెనక్కి పోదామంటే ఎందుకంటారు, పోకపోతే దారిలో ఏమవుతుందో అని, తోటల దగ్గర్నుంచీ చచ్చి బతుకుతున్నాను. ఆఖరికి గుడ్డా?"

"గుడ్డే," అన్నాడు ఆయన, క్షమాపణలాగా.

ఆవిడకి కోపం అప్పుడొచ్చింది. భయం పోయాకే దానికి చోటు దొరికింది. "జబ్బయితే జాలిపడేదాన్ని. ఇదైతే టాపు తీయండి!"

"తీయాలంటే వెనక కుట్టు విప్పాలి. విప్పితే మళ్ళీ ఇక్కడ మూయడం కుదరదు."

"మూయమని ఎవరడిగారండీ మిమ్మల్ని?"

సామాన్ల పెట్టెలోంచి దబ్బనం, చిన్న బ్లేడు తెచ్చుకుని ఆయన బండి వెనక చతికిలబడ్డాడు. జంట కుట్టు. ఒక్కో పోటూ తెగనంటోంది. ఇంత మొండిగా కుట్టినవాణ్ణి మనసులోనే తిట్టుకున్నాడు. కుర్రాళ్ళు గుడ్డ చెరోవైపు పట్టుకున్నారు. ఆవిడ నిలబడి, ఆపరేషన్ గదిలో పెద్ద నర్సులా, "అక్కడ ఇంకో రెండు పోట్లున్నాయి," అని చూపిస్తోంది. ఆఖరి పోటు తెగాక కమాను ఎత్తితే, టాపు ఒక్క మూలుగైనా లేకుండా వెనక్కి పడింది.

ఆవిడ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది. తల వెనక్కి వాల్చి, పైకి చూస్తూ, "పోనివ్వండి," అంది.

ఆయన పోనిచ్చాడు. మొదటి మలుపు తిరిగాక ఏమైనా అంటుందేమోనని ఓ చెవి అటు వేశాడు. రెండో మలుపులోనూ ఏమీ అనలేదు. మాటలు రాని ఆనందం కాబోలనుకుని ఛాతీ కాస్త విరుచుకుని, మూడో మలుపులో ఓరగా చూశాడు. నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

తెల్లవారుజామున లేచిన మనిషి. దారంతా ఆయన గుండె కోసం కాపలా కాసిన మనిషి. ఆ కాపలా దిగగానే ఎండ జోకొట్టినట్టుంది. లేపుదామని చెయ్యి ఎత్తి, దించేశాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ ఇంత గాఢంగా నిద్రపోవడం ఆయన చూడలేదు. ఆ మలుపు కావాలా, నిద్ర కావాలా అని అడగాలంటే లేపాలి. ఇలాంటి వాటికి టేపు పనికిరాదు. తల అటూ ఇటూ ఊగకుండా వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. రేసు చక్రాలు నడక నడిచాయి. వెనక కుర్రాళ్ళ బళ్ళు వచ్చి ఆగాయి, దాటే చోటు లేదు, హారన్లు మొదలయ్యాయి. ఆయన చెయ్యి పైకెత్తి ష్ అన్నట్టు ఊపాడు. మఫ్లరు అబ్బాయి మెడ సాచి అరిచాడు.

"అంకుల్! బండికేమైంది?"

"బండికేం కాలేదు! ఆవిడ పడుకుంది!"

ఆ కబురు బండి బండికీ అంది, హారన్లు ఒక్కొక్కటే మానాయి. ఆ మలుపు వచ్చింది. సముద్రం, ఆ డ్రైవరు చెప్పినట్టే, ఒక్కసారిగా పరుచుకుంది. వెనక బళ్ళలోంచి "అబ్బ!" అన్నారు, గొంతు తగ్గించుకునే. బిగుతాయన చూశాడు. చూసి, తన కళ్ళకి అది దక్కినందుకు దొంగసొమ్ము దొరికినవాడిలా ముడుచుకుపోయాడు.

కింద ఇసుక పక్కన బండి ఆగిన కుదుపుకి ఆవిడ లేచింది. కుర్రాళ్ళు చేతులూపి ముందుకి వెళ్ళిపోయారు. ఆవిడ ముక్కు ఎర్రగా కాలింది. రుమాలు ఎటో పోయింది. ఎదురుగా అలలని చూసి, వెనక్కి తిరిగి కొండని చూసి, కాసేపు లెక్క సరిచూసుకుంది.

"మలుపు?"

"అయిపోయింది."

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది. అంటే, పెద్దగా ఏం లేదు."

"మళ్ళీ మొదలెట్టారా?"

"చాలా బాగుంది," అన్నాడు ఆయన. "లేపాల్సింది. నిద్ర చూసి లేపలేకపోయాను."

ఆవిడ జుట్టు ముడివేసుకుని, సీటులో నిటారుగా సర్దుకుంది.

"అయితే తిప్పండి. పైకి పోయి మళ్ళీ దిగుదాం."

"ఇప్పుడా? పెట్రోలు పోయించుకోవాలి."

"పోయించుకోండి."

"ఎండ ఎక్కువైంది, ముక్కు చూసుకో..." అని, ఆవిడ మొహం చూసి, మిగతా మాట మింగేసి, బిగుతాయన బండి తిప్పాడు.